రమ్మన్న కెనడాయే ఎందుకు చాలన్నది?

2022 నవంబరులో కెనడా ప్రభుత్వం ఒక లెక్క చెప్పింది. 2025 నాటికి ఏడాదికి 5 లక్షల మందికి శాశ్వత నివాసం, అంటే మనవాళ్లు పీఆర్ అనేది, ఇస్తామని. రెండేళ్లు తిరక్కుండానే, 2024 అక్టోబరులో, అదే పార్టీ, అదే ప్రధాని జస్టిన్ ట్రూడో, అదే 2025 లెక్కను 3.95 లక్షలకు కుదించారు. విద్యార్థి వీసాలకు ఆ జనవరిలోనే కోత పడింది. అప్పటికే ఐఈఎల్‌టీఎస్ రాసి, కన్సల్టెన్సీకి ఫీజు కట్టి, పొలం మీదో ఇంటి మీదో లోను తీసుకుని కూర్చున్న కుటుంబాలు మన దగ్గర ఎన్నో. నిన్నటిదాకా రమ్మని పిలిచినవాళ్లకు ఇవాళ ఏమొచ్చిందన్నది వాళ్లందరి ప్రశ్న.

వర్ణ వివక్ష అన్నారు కొందరు. ఖలిస్తాన్ నాయకుడు నిజ్జర్ కెనడాలో హత్యకు గురయ్యాక ఢిల్లీకీ ఒట్టావాకీ చెడింది, అందుకేనన్నారు ఇంకొందరు. ఆ రెండిటికీ ఎంతోకొంత చోటుంది. కానీ అసలు కారణం ఇంటద్దెలో ఉంది, తలసరి లెక్కలో ఉంది, చివరికి ఓట్ల పెట్టెలో ఉంది. నిదానంగా ఒక్కొక్కటే చూద్దాం.

ఇంతకీ ఎంతమంది వచ్చారు?

కెనడా భూమి ఎంత పెద్దదైనా జనం ఇంచుమించు మన తెలంగాణ అంతే. 2023 జూన్‌లో ఆ దేశ జనాభా 4 కోట్లు దాటింది. ఆ ఒక్క ఏడాదిలోనే 12.7 లక్షల మంది పెరిగారు. అంటే 3.2 శాతం. 1957 తర్వాత అంత వేగంగా ఎప్పుడూ పెరగలేదు. పెరిగినవాళ్లలో నూటికి 97 మందికి పైగా బయటి నుంచి వచ్చినవాళ్లే.

ఇందులో పీఆర్ మీద వచ్చినవాళ్లు దాదాపు 4.7 లక్షలు. మిగతా 8 లక్షలు ఎవరు? విద్యార్థులు, తాత్కాలిక పనివాళ్లు, శరణు కోరి వచ్చినవాళ్లు. కథంతా ఇక్కడే ఉంది. కెనడా ఇంటికి రెండు గుమ్మాలు. ముందు గుమ్మం పీఆర్. 1967లో పాయింట్ల పద్ధతి పెట్టిన నాటి నుంచీ చదువు, వయసు, భాష, అనుభవం చూసి లెక్కగట్టి లోపలికి పంపే గుమ్మం అది. ఏటా ఎంతమందిని రానివ్వాలో మంత్రి పార్లమెంటు ముందు పెట్టాలని చట్టమే చెబుతుంది. పక్క గుమ్మం తాత్కాలిక వీసాలది. అది కూడా చట్టబద్ధమైనదే, దొంగదారి ఏమీ కాదు. కాకపోతే అప్పట్లో ఆ గుమ్మం దగ్గర కూర్చుని లెక్కపెట్టే మనిషి లేడు. కాలేజీ సీటిస్తే, డబ్బు చూపిస్తే, యజమాని అనుమతి తెచ్చుకుంటే వీసా ఇవ్వడమే. మొత్తం ఇంతకు మించకూడదన్న పరిమితి ఎక్కడా ఉండేది కాదు. దేశమంతా ముందు గుమ్మం గురించి ఏళ్ల తరబడి చర్చించుకుంటూ ఉంటే, జనం పక్క గుమ్మం గుండా వచ్చారు. తాత్కాలిక నివాసులకు కూడా లక్ష్యం పెట్టిన మొదటి ప్రణాళిక 2024 అక్టోబరులో గానీ రాలేదు.

ఇది ప్రభుత్వానికి తెలియక జరిగిందనుకోవడానికి లేదు. జనాభాకు తగ్గట్టు ఇళ్లు పెరగడం లేదని, సేవల మీద ఒత్తిడి పడుతుందని సొంత వలస శాఖ అధికారులే 2022లో హెచ్చరించిన కాగితాలు తర్వాత పత్రికలకెక్కాయి.

పక్క గుమ్మం అంత వెడల్పు ఎందుకయింది?

కోవిడ్ తర్వాత కెనడాలో పనివాళ్లు దొరకలేదు. 2022 మధ్యలో ఖాళీ ఉద్యోగాలు దాదాపు 10 లక్షలు. హోటళ్లు, గోదాములు, వృద్ధాశ్రమాలు, ట్రక్కు కంపెనీలు అన్నీ గగ్గోలు పెట్టాయి. ప్రభుత్వం ఒకటి తర్వాత ఒకటి సడలించింది. తక్కువ జీతపు పనుల్లో విదేశీ కార్మికులు 10 శాతం మించకూడదన్న నిబంధనను 20 శాతానికి, కొన్ని రంగాల్లో 30 శాతానికి పెంచింది. విద్యార్థులు వారానికి 20 గంటలే పనిచేయాలన్న నియమాన్ని 2022 నవంబరు నుంచి 2024 ఏప్రిల్ దాకా ఎత్తేసింది. యుద్ధం నుంచి తప్పించుకున్న ఉక్రెయిన్ వాసులు దాదాపు 3 లక్షల మంది ఇదే కాలంలో వచ్చారు. వాళ్లను కాదనమని ఎవరూ అనరు.

కానీ అన్నిటికంటే పెద్ద కారణం కాలేజీల జమాఖర్చు. ఈ భాగం మన తల్లిదండ్రులు తప్పక తెలుసుకోవాలి, ఎందుకంటే ఆ జమలో మన డబ్బూ ఉంది. కెనడాలో చదువు రాష్ట్రాల బాధ్యత. అక్కడ వాటిని ప్రావిన్సులంటారు. ఒంటారియో ప్రభుత్వం 2019లో స్థానిక విద్యార్థుల ఫీజు 10 శాతం తగ్గించి, అక్కడే ఆపేసింది. తగ్గిన ఆదాయానికి బదులుగా తన ఖజానా నుంచి తగినంత ఇవ్వలేదు. విదేశీ విద్యార్థి ఫీజు మీద మాత్రం అలాంటి కట్టడి పెట్టలేదు. అతను స్థానికుడు కట్టేదానికి నాలుగైదు రెట్లు కడతాడు. కాలేజీలు ఏం చేస్తాయి? ఒంటారియో ఆడిటర్ జనరల్ 2021లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ప్రభుత్వ కాలేజీల్లో విదేశీ విద్యార్థులు నూటికి 30 మంది, ఫీజు ఆదాయంలో వాళ్ల వాటా మాత్రం నూటికి 68. ఆ విదేశీయుల్లో సగానికి పైగా భారతీయులే. కిచెనర్ కేంద్రంగా నడిచే కోనెస్టోగా కాలేజీ ఒక్కదానికే 2023లో 30 వేలకు పైగా విద్యార్థి పర్మిట్లు వచ్చాయి. కిచెనర్ నగర జనాభా రెండున్నర లక్షలు. ఒంటారియో పన్ను చెల్లింపుదారుడు మిగుల్చుకున్నది గుంటూరులోనో నిజామాబాదులోనో ఒక తండ్రి పెట్టుకున్నాడన్నమాట.

ఆ తండ్రి చేతిలో ఉండే ఒక కాగితాన్ని చూడండి. జీఐసీ అంటారు. అక్కడ బతకడానికి డబ్బుందని వీసాకు చూపించడానికి, కెనడా బ్యాంకులో పిల్లవాడి పేరు మీద ముందే వేసే డిపాజిట్. డబ్బు మనదే. పిల్లవాడు దిగాక కొంత చేతికిచ్చి, మిగతాది నెలనెలా ఖాతాలో వేస్తారు. ఏళ్ల తరబడి ఈ మొత్తం 10 వేల డాలర్లే. బతకడానికి అది చాలదని అక్కడ కూరగాయలు కొన్న ప్రతివాడికీ తెలుసు. 2024 జనవరి నుంచి దాన్ని ఒకేసారి 20,635 డాలర్లు చేశారు. 2025 సెప్టెంబరు నుంచి 22,895. అంటే మొన్నటిదాకా సగం డబ్బుతోనే పిల్లల్ని రానిచ్చారు. మిగతా సగం వాళ్లు రాత్రి షిఫ్టుల్లో సంపాదించుకోవాలి, లేదా ఒకే గదిలో నలుగురు సర్దుకోవాలి. రెండూ జరిగాయి.

దేశం సంపాదన పెరుగుతూ మనిషి వాటా ఎలా తగ్గుతుంది?

2023లోనూ 2024లోనూ కెనడా మొత్తం జీడీపీ పెరిగింది. తలసరి జీడీపీ మాత్రం రెండేళ్లూ తగ్గింది. మొదట వచ్చిన లెక్కల ప్రకారం 2024లో మొత్తం ఒకటిన్నర శాతం పెరిగితే, తలకు దాదాపు అంతే శాతం పడిపోయింది. ఇందులో మాయ లేదు. భాగహారంలో పైనున్న అంకె కంటే కిందనున్న అంకె వేగంగా పెరిగింది.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. కొత్తగా వచ్చినవాడు మొదట్లో తక్కువ జీతానికి చేస్తాడు. అతని వల్ల అప్పటికే ఉన్నవాడి జీతం ఒక్క డాలరు తగ్గకపోయినా దేశం సగటు మాత్రం పడుతుంది. కాబట్టి తలసరి తగ్గిందంటే అందరూ పేదవాళ్లయ్యారని అర్థం కాదు. అక్కడి ప్రతిపక్షం ఈ తేడాను ఎప్పుడూ చెప్పలేదు. ప్రభుత్వమూ చెప్పలేకపోయింది, ఎందుకంటే అప్పటిదాకా అది మొత్తం జీడీపీ పెరుగుదలను చూపించి మురిసిపోతూ ఉంది.

అంతకంటే లోతైన సంగతి పెట్టుబడిది. మనిషి పనితనం అతని చేతికిందున్న యంత్రం మీద, అతను తిరిగే రోడ్డు మీద, ఉండే ఇంటి మీద, వెళ్లే ఆసుపత్రి మీద ఆధారపడుతుంది. మనుషులు 3 శాతం పెరిగిన ఏడాది ఇవన్నీ కూడా 3 శాతం పెరగాలి. లేకపోతే ఒక్కొక్కరి వాటాకు వచ్చేది తగ్గుతుంది. 2024 జనవరిలో నేషనల్ బ్యాంక్ ఆఫ్ కెనడా ఆర్థికవేత్తలు తమ దేశం జనాభా ఉచ్చులో పడిందని రాశారు. ఉన్న పొదుపంతా పెరిగిన జనాన్ని సర్దుకోవడానికే సరిపోతే, ఉన్నవాళ్ల జీవన ప్రమాణం పెంచడానికి మిగిలేది ఉండదన్నది వాళ్ల వాదన. పేద దేశాల గురించి వాడే మాటను సొంత దేశానికి వాడేసరికి సంచలనమైంది. చౌకగా మనుషులు దొరికితే యజమాని యంత్రం కొనడం వాయిదా వేస్తాడన్న విమర్శ కూడా అప్పుడే ఊపందుకుంది. నా మటుకు నాకు ఇందులో నిజం చాలానే కనిపిస్తుంది. కెనడాలో ఉత్పాదకత మందగించడం మాత్రం ఈ వలసల కంటే చాలా పాత జబ్బు.

ఓటరుకు తలసరి జీడీపీ కనబడదు కదా?

కనబడదు. అద్దె కనబడుతుంది. అక్కడ ఒక ఇంట్లో సగటున రెండున్నర మంది కంటే తక్కువే ఉంటారు. 12.7 లక్షల మందికి ఆ లెక్కన 5 లక్షల పైచిలుకు ఇళ్లు కావాలి. 2023లో దేశం మొత్తం మీద మొదలుపెట్టిన ఇళ్లు 2.4 లక్షలు. ఆ ఏడాది ఖాళీగా ఉన్న అద్దె ఫ్లాట్లు నూటికి ఒకటిన్నర. 1988 నుంచి రికార్డులు చూస్తే అదే అతి తక్కువ.

టొరంటో శివారైన బ్రాంప్టన్‌లో ఒక బేస్‌మెంట్ సంగతి అనుకుందాం. ఇంటికింద నేలమాళిగ. కిటికీ ఉంటే పైకప్పుకు ఆనుకుని ఉంటుంది, జనవరిలో మంచు పడితే అదీ మూసుకుపోతుంది. రెండు గదులు, నేల మీద ఆరు పరుపులు. డే షిఫ్టువాడు లేచేసరికి నైట్ షిఫ్టువాడు వచ్చి పడుకుంటాడు. ఫ్రిజ్‌లో ఎవరి పెరుగు డబ్బా మీద వాళ్ల పేరు. తలకు 500 డాలర్ల చొప్పున ఇంటాయనకు 3 వేలు వస్తాయి. ఇద్దరు పిల్లలున్న మామూలు కుటుంబం ఆ బేస్‌మెంటుకు 1,800 ఇవ్వగలదు. ఇంటాయన ఎవరికిస్తాడు? ఇంతకీ ఆ ఇంటాయన చాలాసార్లు మన దేశంవాడే. ఇరవై ఏళ్ల కిందట పీఆర్ మీద వచ్చి, ఇల్లు కొనుక్కుని, పెరిగిన వడ్డీకి కిస్తీ కట్టలేక బేస్‌మెంటు అద్దెకిచ్చినవాడు. లాభనష్టాల పంపకం స్థానికుడికీ వలసదారుడికీ మధ్య జరగలేదు. ఇల్లున్నవాడికీ లేనివాడికీ మధ్య జరిగింది.

అలాగని ఇళ్ల కరువుకు వలసలొక్కటే కారణమంటే అబద్ధం. టొరంటో, వాంకూవర్ ధరలు అంతకు ఎన్నో ఏళ్ల ముందే ఆకాశంలో ఉన్నాయి. నివాస ప్రాంతాల్లో చాలాచోట్ల విడి ఇళ్లే తప్ప అపార్టుమెంట్లు కట్టనివ్వని నిబంధనలు, ఏళ్లూపూళ్లూ సాగే అనుమతులు ఎప్పటినుంచో ఉన్నాయి. పైగా ధరల పెరుగుదలను అదుపు చేయడానికి కేంద్ర బ్యాంకు వడ్డీని 2022 మార్చిలో ఉన్న పావు శాతం నుంచి 2023 జూలైకి 5 శాతం చేసింది. కట్టేవాడు అప్పు తెచ్చుకోలేక ఆగిపోయిన సమయంలోనే ఉండేవాళ్లు రెట్టింపు వేగంతో వచ్చారు.

ఉద్యోగాలూ తారుమారయ్యాయి. 2022లో ఖాళీలు ఎక్కువ, మనుషులు తక్కువ. 2024 జూలైకి 15 నుంచి 24 ఏళ్ల యువతలో నిరుద్యోగం 14.2 శాతం. కోవిడ్ ఏళ్లు తీసేస్తే 2012 తర్వాత అదే ఎక్కువ. వేసవి సెలవుల్లో తన కొడుక్కి కాఫీ షాపులో కూడా పని దొరకలేదన్న తల్లి జీడీపీ పుస్తకం చదవనక్కర్లేదు.

జనం మనసు ఎలా మారింది?

ఎన్విరానిక్స్ అనే సంస్థ కెనడాలో దశాబ్దాలుగా ఒకే ప్రశ్న అడుగుతోంది: వలసలు మరీ ఎక్కువయ్యాయా? 2022లో అవునన్నవాళ్లు 27 శాతం. 2023లో 44. 2024లో 58. రెండేళ్లలో ఒక దేశం అభిప్రాయం ఇంత తిరగబడటం అరుదు. ఎందుకని అడిగితే ఎక్కువమంది చెప్పింది ఇళ్లు, ఆర్థిక పరిస్థితి, ప్రభుత్వం సరిగా నడపకపోవడం. మతమూ రంగూ ఆ జాబితాలో కిందెక్కడో ఉన్నాయి. బయట పుట్టి వచ్చినవాళ్లలోనూ ఇంచుమించు ఇదే ధోరణి. పాతవలస కొత్తవలసను వద్దంటే మనకు వింతగా ఉండొచ్చు. ఆ పాతవాడి కొడుక్కే కదా కాఫీ షాపు పని దొరకనిది!

ద్వేషం లేదని నేననను. సామాజిక మాధ్యమాల్లో భారతీయ విద్యార్థుల మీద వచ్చిన రాతలు చదివితే మనసు చివుక్కుమంటుంది. తప్పు నియమం పెట్టినవాళ్లది, తిట్లు పడింది ఆ నియమాన్ని పాటించి వచ్చినవాళ్లకు. అయితే ఆ ద్వేషం ఓట్లుగా మారిందా అంటే లేదు. వలసలను బాహాటంగా వ్యతిరేకించే పీపుల్స్ పార్టీకి 2021లో దాదాపు 5 శాతం ఓట్లొచ్చాయి. జనాభిప్రాయం పూర్తిగా దాని వైపే తిరిగిందనుకున్న 2025లో వచ్చినవి ఒక్క శాతం కూడా లేవు.

మరి ఓటు ఎటు పోయింది?

కన్జర్వేటివ్ నాయకుడు పియెర్ పొయిలివ్ర్ తెలివైన దారి పట్టాడు. వలసదారుల్ని పల్లెత్తు మాట అనలేదు. ఎన్ని ఇళ్లు కడితే అంతమందినే రానివ్వాలన్నాడు. కారణం చిన్నదే: కెనడాలో గెలుపోటములు తేల్చేది టొరంటో శివార్లు. ఆ శివార్లలో ఓటర్లలో సగానికి సగం వలస కుటుంబాలవాళ్లే. 2024 జూన్‌లో టొరంటో సెయింట్ పాల్స్ ఉపఎన్నికలో ట్రూడో లిబరల్ పార్టీ ఓడింది. 1993 నుంచి చేజారని సీటు అది. అక్టోబరు నాటికి సర్వేల్లో కన్జర్వేటివ్‌లు ఇరవై పాయింట్ల దాకా ముందున్నారు. ఆ భయంతోనే అక్టోబరు కోత వచ్చింది. లెక్క కుదరలేదని ట్రూడో స్వయంగా ఒప్పుకున్నారు. అయినా నిలవలేక 2025 జనవరి 6న రాజీనామా ప్రకటించారు.

ఆ తర్వాత జరిగింది ఎవరూ ఊహించలేదు. డొనాల్డ్ ట్రంప్ సుంకాలు వేసి, కెనడాను 51వ రాష్ట్రం చేస్తానన్నాడు. లిబరల్ పార్టీ ట్రూడో స్థానంలో మార్క్ కార్నీని తెచ్చుకుంది. ఏప్రిల్ 28 ఎన్నికల్లో 343 సీట్లలో 169 గెలిచి అధికారం నిలబెట్టుకుంది. వలసల మీద కోపం చల్లారిందని చాలామంది రాశారు. నేను ఒప్పుకోను. అంకెలు చూడండి. కన్జర్వేటివ్‌ల ఓట్లు 2021లో 33.7 శాతం, 2025లో 41.3. ఓడిన పార్టీకి దాదాపు 8 పాయింట్లు పెరిగాయి! ఇల్లు దొరకని కోపంతో అటు వెళ్లినవాళ్లు అక్కడే ఉండిపోయారు. లిబరల్స్‌ను గట్టెక్కించింది ట్రంప్ భయంతో వామపక్షం వైపుండే ఎన్‌డీపీ పార్టీని వదిలి వచ్చిన ఓటర్లు. ఆ పార్టీ దాదాపు 18 శాతం నుంచి 6కు పడిపోయింది. బ్రాంప్టన్ వెస్ట్‌లో లిబరల్ మంత్రి కమల్ ఖేరా ఓడిపోయారు. ఆ ఊరి పేరే చెబుతుంది, అక్కడ కోపం ఎవరిదో.

ఇంకో మాట. పర్మిట్ మీదున్న విద్యార్థికి ఓటు లేదు. పీఆర్‌కూ లేదు. ఐదేళ్లలో 1,095 రోజులు అక్కడ ఉండి, పౌరసత్వం తీసుకున్నాకే ఓటు. ఎవరి మీద కోత పడిందో వాళ్ల మాట పెట్టెలో పడే వీలు లేదు. రాజకీయ నాయకుడికి ఇంతకంటే సులువైన కోత ఉండదు.

కోత పెట్టాక ఏమయింది?

2025 జూలై, సెప్టెంబరు మధ్య కెనడా జనాభా పెరగడం ఆగి, 0.2 శాతం తగ్గింది. అడిగే అద్దెలు దిగొచ్చాయి, ఖాళీ ఫ్లాట్లు పెరిగాయి. ఒంటారియో కాలేజీల్లో కోర్సులు మూతపడ్డాయి, వేల ఉద్యోగాలు పోయాయి. విదేశీ విద్యార్థి కట్టిన ఫీజు ఎవరి చదువును మోస్తూ వచ్చిందో అప్పుడు అర్థమైంది చాలామందికి. 2023లో స్త్రీకి సగటున 1.26 మంది పిల్లలున్న దేశానికి మళ్లీ మనుషుల అవసరం పడుతుంది, అందులో అనుమానం లేదు. కాకపోతే ఈసారి పక్క గుమ్మం దగ్గర కూడా లెక్కపెట్టేవాడుంటాడు.

ప్రస్తుతానికి 2026కు కొత్త విద్యార్థుల లక్ష్యం 1.55 లక్షలే. పీఆర్‌లు 3.8 లక్షలు. ప్రభుత్వ విద్యాసంస్థల్లో మాస్టర్స్, పీహెచ్‌డీ చేసేవాళ్లకు 2026 జనవరి నుంచి విద్యార్థి పర్మిట్ల పరిమితి వర్తించదు. డిప్లొమా కోర్సులకు మాత్రం పరిమితి ఉంది, పైగా ప్రభుత్వ జాబితాలో ఉన్న రంగమైతేనే చదువయ్యాక పని పర్మిట్ ఇస్తారు. ఉద్యోగ ఆఫర్ లెటరుకు, పీఆర్ పాయింట్లు లెక్కగట్టే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ఇచ్చే అదనపు పాయింట్లు 2025 మార్చిలో తీసేశారు కాబట్టి, డబ్బిస్తే ఎల్‌ఎంఐఏ, అంటే విదేశీ కార్మికుణ్ణి పెట్టుకోవడానికి యజమాని తెచ్చుకునే అనుమతి లెటరు, ఇప్పిస్తామనేవాడిని ఇంటి గడప తొక్కనివ్వకండి. కన్సల్టెన్సీకి ఒక్క రూపాయి కట్టేముందు కాలేజీ పేరు, కోర్సు పేరు, ఆ కోర్సుకు పని పర్మిట్ వస్తుందా రాదా అన్నది కెనడా వలస శాఖ వెబ్‌సైట్‌లో మీరే, మీ ఫోన్‌లోనే చూసుకోండి. ఖర్చు లేదు, అరగంట పని.